సుల్తానుగారి అన్నం

మొన్న చిన్నరసాలు కోతకొచ్చిన రోజుల్లో ఆయన పోయాడని తెలిసినప్పుడు, రెడ్డిగూడెం చుట్టుపక్కల పెళ్ళిళ్ళు పెట్టుకున్నవాళ్ళంతా పైకి అయ్యో పాపమన్నారు గానీ లోపల కొంచెం తేలికపడే ఉంటారు. ఇక బంతి చివర కూర్చుని, అన్నం మెతుకు వేళ్ళతో నొక్కి చూసి, "బియ్యం మంచియ్యేనండి. వండినోడికే తొందరెక్కువ" అని తీర్పు చెప్పే మనిషి లేడు. పప్పులో ఉప్పు తగ్గినా, పెరుగు పుల్లబడినా, వడ్డించేవాడు ఒక విస్తరిని దాటిపోయినా లోకానికి తెలిసే దారి మూసుకుపోయింది. విందులు చేసేవాళ్ళకు ఇది మంచి రోజులు మొదలైన యేడు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకూ ఒకటుండే ఉంటుంది. ఊరంతా సుల్తానని పిలిచేది. వెక్కిరింతకు పెట్టిన పేరే. ఆయన దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాడు. కాకపోతే అప్పుడప్పుడు సరిదిద్దేవాడు. తను సుల్తాను కాడట, సుల్తానుగారి ఇంట అన్నం తిన్నవాడట. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్ళ మధ్య బతకవలసి వచ్చినందుకు నిట్టూర్చేవాడు.

ఆయన పుట్టింది బందరు దగ్గర సముద్రపు ఒడ్డున. పెళ్ళి చేసుకుని భార్య ఊరొచ్చి, ఆవిడ పోయాక కూడా ఇక్కడే ఉండిపోయి, ఒక పెద్ద రైతుగారి మామిడితోటకు కాపలా మనిషయ్యాడు. ఇన్నేళ్ళున్నా ఆయన నేలమీద పూర్తిగా దిగినట్టు కనపడేవాడు కాదు. ఏ క్షణంలోనైనా రెడ్డిగూడెం ఒక పక్కకు ఒరగవచ్చునన్న అనుమానంతో కాళ్ళు ఎడంగా వేసి నడిచేవాడు. పాకలో మంచమున్నా రెండు మామిడిచెట్ల మధ్య తాళ్ళతో ఉయ్యాల అల్లుకుని అందులోనే పడుకునేవాడు. కాయ కోసే కూలీలు చెట్టెక్కితే కిందనుంచి వేలు తడిపి పైకెత్తి, గాలి ఎటునుంచి వస్తోందో వాళ్ళకు చెప్పేవాడు. కొమ్మ మీద ఊగుతున్నవాడికి ఆ సంగతి తెలియదా అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మామిడి గంపలకు ఆయన వేసిన ముళ్ళు బెజవాడ వ్యాపారులు విప్పలేకపోయేవారు. కత్తితో కోసి, తాళ్ళు పాడయ్యాయని తిడుతూ కబురు పంపేవారు. ముడి విప్పడం చేతగానివాడు సరుకెందుకు కొన్నాడని ఆయన ఎదురు కబురు పంపేవాడు.

ఏ పనికైనా ఆయన పెట్టే గడువు ఒకటే, గాలి మళ్ళేదాకా. జ్వరం ఎప్పుడు తగ్గుతుందన్నా గాలి మళ్ళేదాకా ఆగమనేవాడు. పాక కప్పు ఎప్పుడు నేయిస్తావన్నా అదే మాట. కాంగ్రెసు రాజ్యం వచ్చింది కదా, మన బతుకులు ఎప్పుడు బాగుపడతాయని నా కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు అడిగినప్పుడు కూడా ఆయన అదే చెప్పాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

నేను బట్టలు కుట్టుకునేవాణ్ణి. బడిచదువు అయిదో తరగతితో ఆగింది. మిగతాదంతా నూజివీడు గ్రంథాలయం పెట్టిన భిక్ష. దారపు ఉండల కోసం నూజివీడు వెళ్ళినప్పుడల్లా అక్కడ కూర్చుని, నాలుగు బీరువాల్లో మూడింటిని ఆసాంతం చదివాను. నాలుగోది మిగిలింది దాని తాళంచెవి పోబట్టే. నాకు లోకం పుస్తకాల్లోంచి తెలుసు, ఆయనకు ఓడ మీంచి తెలుసు. అందువల్ల మా ఇద్దరికీ రోజూ పేచీ. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను టైలరుగారూ అనేవాడు, ఆ "గారు"ను కొంచెం సాగదీసి.

ఆయన కథ ఈ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. వయసులో ఉండగా బియ్యం బస్తాలతో కొలంబో వెళ్ళే తెరచాప ఓడలో పనికి కుదిరాడు. తుపాను పట్టుకుంది. తెరచాప కొయ్య విరిగింది, చాపలు చిరిగాయి. ఎన్నాళ్ళు కొట్టుకుపోయారో ఆయన ప్రతిసారీ ఒకలా చెప్పేవాడు. చివరికి నీళ్ళమీద ఇసక చల్లినట్టున్న దీవుల దగ్గర తేలారు. మాలదీవులంటారు. అక్కడ ఉన్నవాళ్ళంతా సాయిబులు, ఏలేవాడు సుల్తాను. చిన్న పడవల్లో మనుషులొచ్చారు. వీళ్ళు, తమను కొట్టి దోచుకోవడానికొచ్చారని వణికిపోతుంటే, వాళ్ళు ఎవర్నీ తాకకుండా ముందుగా ఓడ చుక్కాని ఊడదీశారు. పెళ్ళికొడుకుని పల్లకీలో తీసుకుపోయినట్టు దాన్ని మోసుకుంటూ సుల్తానుగారి లోగిలికి తీసుకుపోయారు.

"అది ఆళ్ళ మర్యాద" అనేవాడు. చుక్కాని సుల్తాను దగ్గరుంటే వచ్చినవాళ్ళు సుల్తాను మనుషులన్నమాట. గాలి మళ్ళేదాకా ఇల్లు ఆయనదే, అన్నం ఆయనదే, ఎవడైనా వీళ్ళ జోలికొస్తే ఆ తగువూ ఆయనదే. సముద్రం ఒడ్డున ఇల్లిచ్చారు. దీవుల్లో వరి పండదు, అయినా వీళ్ళకు రోజూ వరన్నమే. పక్కన ఎండుచేపా, కొబ్బరీ. వారానికోసారి సుల్తాను పంపిన మనిషి వచ్చి ఏమైనా లోటుందా అని అడిగేవాడు. లేదంటే ఊరుకునేవాడు కాదు. ఏదో ఒక లోటు చెప్పించుకుని, సరిచేసి వెళ్ళేవాడు. మన పెళ్ళిళ్ళలో ఈయన వంకలు పెట్టడానికి మూలం ఇదే. అక్కడ లోటు చెప్పడం అతిథి మర్యాద. ఇక్కడ అది పొగరు. ఈ రెండు దేశాల మధ్య ఆయన జీవితాంతం నలిగిపోయాడు, పెళ్ళివారిని నలిపేశాడు.

కథకు ముగింపు సాగనంపడం. గాలి మళ్ళింది. సుల్తాను స్వయంగా ఒడ్డుకొచ్చి, మేళతాళాలతో చుక్కాని తిరిగిచ్చి, దారికి కొబ్బరికాయలు కట్టించి పంపాడు. ఈ ఘట్టంలో ఆయన గొంతు బొంగురుపోయేది. వినేవాళ్ళలో ఎవడో ఒకడు ప్రతిసారీ ఒకే సందేహం లేవదీసేవాడు. దీవుల్లో వరి పండదన్నావు కదా, మీ ఓడలో బియ్యమే వండి మీకు పెట్టాడేమో అని. ఆయనకు ఒళ్ళు మండేది. "అయితే మాత్రం ఏంటంట? వండింది ఆళ్ళేగా?"

నేను దీన్ని వదిలిపెట్టలేదు. రెండో బీరువాలో సముద్రయానాల మీద ఒక పాత పుస్తకం దొరికింది. ఆ దీవుల రాజులు పరదేశపు ఓడల చుక్కానులు తీయించి తమ దగ్గర పెట్టుకునేవారనీ, సెలవిచ్చినప్పుడే తిరిగిచ్చేవారనీ అందులో ఉంది. ఉందిగానీ ఆ రాజులు మూడు వందల ఏళ్ళ కిందటివాళ్ళు. ఈ సంగతి విజయగర్వంతో ఆయనకు చెబితే, పెద్దగా లెక్కచేయలేదు. మూడొందలేళ్ళనుంచీ చేస్తున్న పనైతే ఈయన వెళ్ళేసరికి బాగా అలవాటై ఉంటుందన్నాడు.

తోటగల రైతుగారికి ఈ కథంటే మహా ఇష్టం. నిజం చెప్పాలంటే కథ కన్నా, కథ చెప్పే మనిషి తన దగ్గర జీతానికున్నాడన్న సంగతి ఇష్టం. బెజవాడ నుంచి ఎవరొచ్చినా, మామిడిపళ్ళ పళ్ళెం తర్వాత వచ్చేది ఈయనే. కొత్త మేడ గృహప్రవేశంనాడు భోజనాలయ్యాక, పట్టుపంచెల అతిథుల మధ్య నిలబెట్టి అడిగాడు.

"ఏరా సుల్తానూ, మన విందెలా ఉంది? నిజం చెప్పు."

"అన్నం బాగుందండయ్యగారూ. పెట్టేవాళ్ళ కళ్ళు ఇస్తరి మీదుంటే ఇంకా బాగుండేది. వచ్చే కార్ల మీదున్నాయండి."

అతిథులు ముందు నవ్వారు కాబట్టి రైతుగారు కూడా నవ్వాడు. నవ్వు ఆగాక ఆయన ముఖం కొంతసేపు ఏం చేయాలో తెలియనట్టు ఉండిపోయింది.

నైజాం ఇలాకా అట్టుడికిపోతున్న వానాకాలంలో అసలు సంగతి జరిగింది. అటువైపు ఊళ్ళనుంచి జనం మూటాముల్లె సర్దుకుని మన వైపు వచ్చేస్తున్నారు. వచ్చినవాళ్ళు హిందువులైతే మనవాళ్ళు జాలిపడ్డారు, గంజి కాచి పోశారు. సాయిబులైతే జాలికి ముందు అనుమానం వచ్చేది. రజాకార్ల మనుషులేమో, వేగు చూడ్డానికొచ్చారేమో అని. దారిలో సాయిబుల బండ్లను నిలేసి వెనక్కి తరుముతున్నారనీ, కొన్నిచోట్ల ఉత్త తరమడంతో ఆగలేదనీ వింటున్నాం.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం జోరువానలో ఒక ఒంటెద్దు బండి తోట కంచె పక్కన బురదలో దిగబడింది. మధిర వైపు పల్లెటూరి దూదేకుల ముసలాయన, ఆయన భార్య, కోడలు, కోడలి చంకలో పిల్ల. బండిలో రెండు గిన్నెలు, గోనెపట్టాలో చుట్టిన దూదేకే విల్లు. కొడుకు గొడవల్లో తప్పిపోయాడు. అటు పోలేరు, ఇటు ముందుకు కదిలితే రోడ్డు మీద ఎవరు నిలేస్తారో తెలియదు. మన సుల్తాను ఎద్దును విప్పి కట్టేసి, వాళ్ళను పాకలో దించి, తను ఉయ్యాలలో గోనె కప్పుకుని పడుకున్నాడు.

తెల్లారేసరికి సంగతి ఊరంతా తెలిసింది. పొద్దెక్కేలోపల వాళ్ళను పంపించెయ్యాలనీ, ఇష్టమైతే వాళ్ళతోబాటు కాపలా మనిషి కూడా వెళ్ళిపోవచ్చుననీ రైతుగారు కబురంపాడు.

ఆ వేళ నేను రైతుగారి మేడ వసారాలోనే ఉన్నాను, కొత్త లాల్చీలకు కొలతలు తీసుకుంటూ. ఆయన చొక్కా లేకుండా చేతులు చాచి నిలబడ్డాడు. అరుగు మీద కరణంగారూ, నలుగురైదుగురు రైతులూ కూర్చుని నైజాం సంగతులు మాట్లాడుకుంటున్నారు. సుల్తాను తడిసి ముద్దై వచ్చి, మెట్ల కింద నిలబడి, పంచె చెంగులోంచి రెండు ఇనప కడచీలలు తీసి అరుగు మీద పెట్టాడు. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర దూర్చే చీలలు. అవి లేనిదే బండి నాలుగు అడుగులు వెయ్యదు.

"ఆళ్ళ బండి చీలలు తీసేశానండయ్యగారూ. ఇంక ఎటూ కదల్లేరు. ఇయ్యి తమరి దగ్గరుంచండి."

రైతుగారు సంతోషించాడు. "అద్దీ, అలా చెయ్యాలి. పోలీసులొచ్చేదాకా కదలకుండా ఉంటారు" అంటూ వంగి చీలలు చేతిలోకి తీసుకుని, బరువు చూసి, అందరికీ కనపడేలా పైకెత్తి, కుర్చీ పక్కన బల్ల సొరుగులో పడేశాడు.

అరుగు మీదివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ కథ వాళ్ళు ఇదే వసారాలో, ఇదే రైతుగారు చెప్పించగా లెక్కలేనన్నిసార్లు విన్నారు. గొంతు సవరించుకున్నది చాట్రాయి నుంచి వచ్చిన ఒక పెద్దాయన.

"అయితే బియ్యం ఎప్పుడు పంపుతున్నారు?"

"ఏం బియ్యం?" అన్నాడు రైతుగారు.

"చుక్కాని పుచ్చుకున్నారుగా అండీ."

నవ్వు అరుగు ఈ చివరనుంచి ఆ చివరదాకా పాకింది. ఎవరో రైతుగారి వైపు తిరిగి, సుల్తానుగారికి సలాం అన్నారు. ఆ సమయంలో నా టేపు రైతుగారి ఛాతీ చుట్టూ ఉంది కాబట్టి, ఆయన మనసులో జరిగింది నాకు అంగుళాల్లో తెలిసింది. ముందు ఛాతీ బాగా తగ్గిపోయింది. కోపంతో సొరుగు వైపు తిరగబోయాడు. ఇంతలో కరణంగారు చల్లగా ఒక మాట వేశారు. మైలవరంలో అంతంత జమీందారీ మనుషులున్నారు గానీ, పరాయివాళ్ళను కడుపులో పెట్టుకున్నది రెడ్డిగూడెం రైతు ఒక్కడేనని రేపు పదిమందీ చెప్పుకుంటారని. టేపు బిగుసుకుంది. చూస్తుండగానే మొదటి కొలతను దాటిపోయింది. ఏ కొలతకు కుట్టాలో తెలియక చివరికి ఆ పెద్ద కొలతకే కుట్టాను. ఆ లాల్చీలు ఆయనకు ఎప్పుడూ వదులే.

"ఒక బస్తా పంపించండ్రా తోటకి" అన్నాడు రైతుగారు, మొదటినుంచీ తన ఉద్దేశం అదే అయినట్టు. సుల్తాను తలవంచుకుని దణ్ణం పెట్టాడు. తల ఎందుకు అంతసేపు వంచుకున్నాడో మెట్ల పక్కనున్న నాకు తెలుసు. నవ్వుతున్నాడు.

ఆ తర్వాత ఆ బండి జోలికి ఎవరూ రాలేదు. రైతుగారి అతిథులంటే పోలీసులు కూడా ఒకసారి వచ్చి, కాఫీ తాగి వెళ్ళారు. సుల్తాను రైతుగారికి రాజధర్మం నేర్పే పని మొదలుపెట్టాడు. వారానికోసారి గొడుగు పట్టించుకుని తోటకొచ్చి, ఏమైనా లోటుందా అని అడిగి తీరాలన్నాడు. ఆయన వచ్చి అడిగేవాడు. దూదేకుల ముసలాయన చేతులు జోడించి, తమరి దయవల్ల ఏ లోటూ లేదయ్యా అనేవాడు. వెనకనుంచి సుల్తాను అతన్ని మోచేత్తో పొడిచేవాడు. చివరికి ముసలాయన భయపడుతూ భయపడుతూ, పప్పులోకి చింతపండు ఉంటే బాగుంటుందన్నాడు. ఆ చింతపండు వచ్చిన రోజు సుల్తాను ఊరంతా తిరిగి చెప్పాడు, రైతుగారు తన చేతిలో కొంచెం కొంచెంగా మనిషవుతున్నాడని.

ఊరికే కూర్చుని తింటున్నామని ముసలాయనకు సిగ్గేసింది. తనంతట తనే అడిగి రైతుగారి పరుపొకటి విప్పి దూది ఏకాడు. తోటలోంచి విల్లు మోత వినపడుతుంటే వినడానికి బాగానే ఉండేది. ఆ పరుపు మీద పడుకుని రైతుగారు కొత్త సుఖం కనిపెట్టాడు. మేడలో ఉన్న పరుపులన్నీ తోటకొచ్చాయి. తర్వాత వియ్యంకులవి వచ్చాయి. తర్వాత మైలవరంలో ఉన్న మేనత్తగారివి బండిమీద వచ్చాయి. అతిథులకు తోచుబాటుగా ఉంటుందని రైతుగారు అందరితో చెప్పేవాడు. కోడలూ అత్తా పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరుపులకు గవుసెనలు కుడుతూ కూర్చునేవారు. ముసలాయన కనురెప్పల మీద, మీసాల మీద ఎప్పుడూ దూది ఉండేది. దగ్గేవాడు. బియ్యం బస్తా మాత్రం ఠంచనుగా వస్తూనే ఉంది.

నైజాం లొంగిపోయాడన్నారు. కొన్నాళ్ళకు వానలు తెరిపిచ్చాయి, గాలి తూర్పుకి మళ్ళింది. ముసలాయన మేడకు వెళ్ళి సెలవడిగాడు. రోడ్లు బాగాలేవు, కొన్నాళ్ళు ఆగమన్నాడు రైతుగారు. మళ్ళీ వెళ్తే ఇంట్లో లేరన్నారు. మూడోసారి సుల్తాను కూడా వెంట వెళ్ళాడు. అక్కడ జరిగింది నాకు సుల్తానే చెప్పాడు.

ముసలాయన మెట్ల కింద కూర్చుని ఒక్కటే చెప్పాడట. "కొడుకు ఏడున్నా ఇంటికే వస్తడయ్యా. తలుపు తీసేటోళ్ళు లేకుంటే మళ్ళ ఎటు పోతడో."

వస్తే ఇక్కడికే వస్తాడన్నాడు రైతుగారు. తన తోట పేరు తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరున్నారన్నాడు. బెజవాడ కమిషన్ వ్యాపారిగారి పరుపులు దారిలో ఉన్నాయి, అవి కానిచ్చి వెళ్ళమన్నాడు. సుల్తాను ఉండబట్టలేక, గాలి మళ్ళింది కాబట్టి చీలలు ఇచ్చెయ్యడం మర్యాదని అడ్డుపడ్డాడు.

రైతుగారు చాలా శాంతంగా జవాబిచ్చాడట. "సుల్తాను సెలవివ్వందే చుట్టాలు కదలకూడదని నాకు చెప్పింది నువ్వే కదరా. నేనింకా సెలవివ్వలేదు."

ఆ సాయంత్రం సుల్తాను నా కొట్టుకొచ్చి కూర్చున్నాడు. కాఫీ తెప్పించాను. తాగాడు. ఏ వంకా పెట్టలేదు. ఆ కాఫీ హోటలువాడి కాఫీకి వంక పెట్టకుండా తాగిన మనిషి అంతవరకూ లేడు. నాకు భయమేసింది. ఒంట్లో బాగాలేదా అని అడుగుతుండగానే లేచి, వడ్రంగి ఇంటికి వెళ్ళి కర్ర చెక్కే బాడిస అరువడిగాడు.

మర్నాడు పొద్దున తోటలో బండి లేదు. విప్పిన పరుపుల దూది పాకలో గుట్టగా ఉంది. తుమ్మ కర్ర చెక్కిన పొట్టు చెట్టు కింద పడుంది. రైతుగారి బల్ల సొరుగులో ఇనప చీలలు రెండూ భద్రంగానే ఉన్నాయి, వాటితో ఇప్పుడెవరికీ పని లేదు. ఆ పూటే ఆయన సుల్తాన్ని కాపలాలోంచి తీసేశాడు. పరాయివాళ్ళను తోటలోకి రానిచ్చినందుకని కారణం చెప్పాడు.

ఉయ్యాల తాళ్ళు భుజాన వేసుకుని ఆయన మళ్ళీ నా కొట్టుకే వచ్చాడు. నాకు ఒక సందేహం పొద్దున్నుంచీ తొలుస్తోంది. అడిగేశాను.

"చీలలు చెక్కడం అంత తేలికైతే, బాబాయ్, మీ ఓడకు చుక్కాని కూడా చెక్కుకుని వచ్చెయ్యొచ్చుగా? సుల్తాను ఇచ్చేదాకా ఎందుకు కూర్చున్నారు?"

ఆయన నా మిషను చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పాడు.

"ఎవురు కూర్చున్నారు?" అన్నాడు. "చెక్కుకునే వచ్చేశాం."

తర్వాత మెల్లిగా చెప్పాడు. గాలి మళ్ళింది, సుల్తాను పంపలేదు. ఇంకో ఏడు మళ్ళింది, పంపలేదు. వీళ్ళ తండేలు, అంటే ఓడ నడిపే పెద్ద, విరిగిన పడవలు బాగుచెయ్యడంలో మంచి పనివాడు. అంతటి పనివాడు ఆ దీవుల్లో లేడు. వాళ్ళ పడవలన్నీ ఒక్కొక్కటే వీళ్ళ ఇంటి ముందుకి రావడం మొదలుపెట్టాయి. వారంవారం మనిషి వచ్చి లోటేమిటని అడుగుతూనే ఉన్నాడు. ఇంటికి పోతామన్న ఒక్క లోటు తప్ప అన్నీ తీర్చాడు. చివరికి వీళ్ళు ఇంట్లోనే విరిగిన కొయ్యను చెక్కి చుక్కాని చేసుకుని, గాలివాటం చూసుకుని బయటపడ్డారు. మేళతాళాలు లేవు. కొబ్బరికాయలు వీళ్ళు దొంగిలించినవి.

"మరి ఇన్నాళ్ళూ ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పావేంటి బాబాయ్?"

"అన్నం పెట్టాడుగా." ఉయ్యాల తాళ్ళు కింద పెట్టి మళ్ళీ అన్నాడు. "అన్నం పెట్టలేదని చెప్పమంటారా? చచ్చిపోయేవోళ్ళం, టైలరుగారూ. పెట్టాడు. తర్వాత పంపలేదు. రెండూ ఆయనే చేశాడు. జనానికి రెండూ చెబితే ఏదో ఒకటే నమ్ముతారు. అందుకని నాకు పనికొచ్చేది చెప్పుకున్నా."

అదంతా తెలిసీ రైతుగారికి ఆ పద్ధతే ఎందుకు నేర్పావని అడిగాను. ఆ వానలో ఆ బండిని రోడ్డెక్కనివ్వకుండా ఆపడానికి తనకు తెలిసిన దారి అదొక్కటేనన్నాడు. ఇంకో దారి నా బీరువాల్లో ఏమైనా ఉంటే చెప్పమన్నాడు. మూడు బీరువాలూ గుర్తుచేసుకున్నాను. నాలుగోదాంట్లో ఉందేమో తెలియదు.

మర్నాటినుంచి కాఫీ హోటల్లో కొత్త కథ మొదలైంది. తుపాను అదే, దీవులు అవే. కాకపోతే ఈసారి సుల్తానుగారికి పరుపుల పిచ్చి. లోగిలినిండా పరుపులే. చుట్టాలొచ్చినా పరుపుల మీదే కూర్చోబెడతాడు, చుట్టాల చేతే దూది ఏకిస్తాడు. మిమ్మల్నెందుకు పంపలేదని ఎవరైనా అడిగితే, వియ్యంకుడి పరుపులింకా మిగిలున్నాయి కదండీ అనేవాడు. హోటలు దద్దరిల్లిపోయేది. మేళతాళాలు కథలోంచి పోయాయి. వాటి స్థానంలో కర్ర చెక్కుతున్న చప్పుడు వచ్చింది. రైతుగారి గుమాస్తా కూడా ఒకరోజు వెనక బల్ల దగ్గర కూర్చుని, నవ్వు ఆపుకోలేక కాఫీ ఒలకబోసుకున్నాడు.

పూత రాకముందే రైతుగారు కబురంపాడు. పాతవన్నీ మర్చిపోయానని, వచ్చి కాపలాలో చేరమని. దాంతోబాటు ఒక చిన్న షరతు, కథ మునుపటిలాగే చెప్పాలి. నేను ఆవేశపడ్డాను. వెళ్ళవద్దన్నాను. పుస్తకాల్లో ఇలాంటి చోట మనుషులు ఏం చేస్తారో చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, ఆ పుస్తకాల్లో మనుషులు పూట ఎక్కడ గడుపుతారని అడిగి, ఉయ్యాల తాళ్ళు భుజాన వేసుకుని తోటకు వెళ్ళిపోయాడు.

ఆ ముసలాయన కొడుకు ఇంటికొచ్చాడో లేదో ఇంతవరకూ మాకు కబురు లేదు. మధిర వైపునుంచి ఏ బండి వచ్చినా సుల్తాను ఎదురెళ్ళి అడిగి వచ్చేవాడు.

పోయేదాకా ఆయన రెండు కథలూ చెప్పాడు. మేడ వసారాలో పట్టుపంచెల అతిథుల ముందు మేళతాళాల కథ, కాఫీ హోటల్లో పరుపుల కథ. అక్కడ గొంతు బొంగురుపోయేది, ఇక్కడ హోటలు దద్దరిల్లేది. రెండూ శ్రద్ధగా విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. రెండింటిలోనూ సుల్తాను పెట్టిన అన్నం దగ్గరికి వచ్చేసరికి ఆయన ఒకేలా ఆగి, ఒకేలా గుటక వేసేవాడు.